తెగిన తీగ చప్పుడు

ఆ గిటార్ మనిషి ఆల్బమ్‌లు నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. నాలుగు లైవ్‌వి, అంటే జనం ముందు స్టేజీ మీద వాయిస్తుంటే రికార్డు చేసినవి. మిగతా ఐదు కంపెనీవాళ్ళు పాతవాటిలోంచి ఏరి కూర్చి, కొత్త అట్ట వేసి అమ్మినవి. ఈ ఏరి కూర్చినవాటిని చూస్తే నాకు ఒళ్ళు మంట. పెళ్ళి బంతిలో కూర్చోబెట్టి వరసగా లడ్డూలే వడ్డిస్తే ఎవడు తింటాడు? అయినా కొన్నాను. అట్ట మీద ఆయన బొమ్మ కనిపిస్తే చాలు, నా చెయ్యి ఆగదు. నడుము దాకా జుట్టు, వేళ్ళనిండా ఉంగరాలు, ఎవరినో కొట్టబోతున్నట్టు మొహం. మా ఆవిడ ఆ బొమ్మను చూసినప్పుడల్లా "వీనికి ఇంట్ల చెప్పేటోళ్ళు లేరా" అనేది.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. సాంచాలు బాగుచేసేవాణ్ణి. మర మగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. కరీంనగర్‌కు బస్సులో గంట దూరం ఉన్న మా ఊళ్ళో సగం ఇండ్లకు ఇదే బువ్వ. మా బాపు ఇదే పని చేశాడు, ఆయన తర్వాత ఆయన పానాలూ సుత్తీ నా చేతికి వచ్చాయి. నా పెళ్ళాం కూడా అదే కార్ఖానాలో కండెలు చుడుతుంది. సాంచలో అటూ ఇటూ ఉరికే షటిల్ లోపల పెట్టే చిన్న నూలు కడ్డీలే కండెలు.

ఇరవై ఏండ్ల కింద, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా అక్క మొగుడు ఒక సీడీ ప్లేయర్, ఒక సీడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన ఉండే గదిలో ఎవరో వదిలేసి పోయిన డిస్కు అది. "నాకు గిది తలకాయ నొప్పి బామ్మర్దీ. నువ్వెట్లాగు చప్పుట్లనే బతుకుతవు, నీకు నచ్చుతదేమో సూడు," అని నవ్వాడు.

నచ్చడమంటే మామూలు నచ్చడం కాదు. ఎప్పుడో మూడు వందల ఏండ్ల కింద యూరప్ చర్చిల్లో వాయించిన సంగీతపు నడకలను ఈయన కరెంటు గిటార్ మీదికి ఎక్కించి, వెనకాల డ్రమ్ములు మోగుతుంటే ఇల్లు అదిరేలా వాయిస్తాడు. మెటల్ అంటారట దీన్ని. మా షటిల్ కంటే జోరుగా ఉరుకుతాయి ఆయన వేళ్ళు. అంత జోరులో కూడా ఒక్కో స్వరం విడిగా, పోగు పోగుగా వినిపిస్తుంది. జోరు పెంచితే పోగులు తెగుతాయని, తెగకుండా జోరు పెంచడం ఎంత కష్టమో మాకు బాగా తెలుసు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. ఓరి నీ పాసుగాల, మనిషివేనా నువ్వు, అనుకున్నాను.

ఆ మొదటి డిస్కు లైవ్ ఆల్బమ్. అందులో ఏడో పాట దగ్గర నేను ప్రతిసారీ ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఉన్నట్టుండి డ్రమ్ములు ఆగిపోతాయి. జనం అరుపులు సద్దుమణుగుతాయి. గిటార్ ఒక్కటే పైకి, పైపైకి పోతుంది. అన్నిటికంటే పైస్వరం దగ్గర సన్నగా 'టింగ్' మంటుంది. తీగ తెగింది. తెగిన కొస ఏదో ఇనుముకు తగిలిన చప్పుడు అది. రెప్పపాటు కూడా ఉండదు. ఆయన ఆగడు. మిగిలిన ఐదు తీగల్లోనే ఆ స్వరాలను వెతుక్కుని పాట పూర్తి చేస్తాడు. స్టూడియోలో అయితే కొత్త తీగ వేసుకుని మళ్ళీ మొదటినుంచి వాయించేవాడు, మనకు తెలిసేది కూడా కాదు. అందుకే నాకు లైవ్ ఆల్బమ్‌లంటే ప్రాణం. వాటిలో మనిషి దొరికిపోతాడు.

కార్ఖానాలో పనిచేస్తూ కూడా ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వినేవాణ్ణి. సాంచాల మోతను మించి వినిపించాలంటే చప్పుడు చివరిదాకా పెంచాలి. పెంచాను. ఇరవై ఏండ్లు అట్లాగే పెంచి విన్నాను. సాంచను పరీక్ష చేసేటప్పుడు మాత్రం తీసి జేబులో పెట్టుకునేవాణ్ణి. అక్కడ ఆటలు లేవు.

ఎందుకంటే సాంచ బాగుందో లేదో చెప్పేది చెవి. షటిల్ ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికి, అక్కడున్న పెట్టెలో దబ్బున ఆగుతుంది. ఆ దెబ్బ ఎవరికైనా వినిపిస్తుంది. షటిల్ పెట్టెలో సరిగ్గా కుదురుకోకపోతే, ఆ దెబ్బ వెనకాలే 'టిక్' అని సన్నటి చప్పుడు ఇంకొకటి వస్తుంది. అది విన్నామంటే వెంటనే సాంచ ఆపాలి. ఆపకపోతే ఇవాళో రేపో షటిల్ బయటికి ఎగురుతుంది. రెండు కొసలకూ ఇనుప మొనలున్న కట్టె అది. ఎగిరితే ఎవరికి తగులుతుందో ఎవరూ చెప్పలేరు.

మా అవ్వకు తగిలింది. అమ్మను మేము అవ్వ అంటాం. అప్పుడు నాకు పదహారేండ్లు. బాపు ఒక సాంచను బాగుచేసి, నడపండి అని చెయ్యి ఊపాడు. అవ్వ ఆ పక్కనే కూర్చుని కండెలు చుడుతోంది. షటిల్ ఎగిరి ఎడమ కంటికి తగిలింది. కన్ను పోయింది.

బాపు మళ్ళీ కార్ఖానా గడప తొక్కలేదు. నేను బడి మానేసి ఆయన పనిముట్లు పట్టుకున్నాను. ఆయన మీద నాకు పీకల దాకా కోపం. ఆస్పత్రి నుంచి అవ్వను తీసుకొచ్చిన రోజు, ఆమె ముందే, బాపు మొహం చూడకుండా తల వంచుకుని, "జర సోయి వెట్టి చేస్తే గిట్లయ్యేదా? నీ సోమరితనం అవ్వ కన్ను తిన్నది," అన్నాను. బాపు నా వైపు చూసి తలూపాడు. అంతే. ఏడవలేదు, కసరలేదు, తలూపాడు. ఆ తలూపడం చూసి నా అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటినుంచి ఆయన పోయేదాకా నేను ఆయనతో సరిగ్గా మాట్లాడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చివరి ఏండ్లలో ఆయనకు అసలు వినిపించేది కాదు. ముసలితనం కదా అనుకున్నాం.

మా మనుషుల అలవాటు ఒకటి చెప్పాలి. సాంచాల మధ్య నోటి మాట వినిపించదు. అందుకని పెదవులు కదిలిస్తాం, చేతులతో చెప్తాం. వేళ్ళు మెలితిప్పితే దారం తెగిందని. అరచెయ్యి లేపితే ఆపమని. బొటనవేలు నోటి దగ్గరికి పోతే చాయ్ వచ్చిందని. ఇంటికొచ్చాక కూడా అదే అలవాటు. ఎదురుగా వచ్చి, మొహం చూపించి, గట్టిగా, చేతులు ఊపుతూ మాట్లాడుకుంటాం. కొత్తగా వచ్చిన చుట్టాలు మేము కొట్లాడుకుంటున్నామని భయపడతారు. ఇట్లాంటి ఇంట్లో ఒకరి చెవులు పోతే ఎవరికి తెలుస్తుంది?

మొన్న వానాకాలంలో ఐదో కంపైలేషన్, అదే ఆ ఏరి కూర్చిన రకం, ఇంటికొచ్చింది. రెండు డిస్కులు, నల్ల అట్ట. వెనకాల పాటల పేర్లు చూస్తే నా ఏడో పాట ఉంది, అదే లైవ్ రికార్డింగు. కొంచెం మెరుగులు దిద్దామని సన్న అక్షరాలతో రాశారు. అప్పుడే అనుమానం వచ్చింది. పెట్టి విన్నాను. డ్రమ్ములు ఆగాయి. గిటార్ పైకి పోయింది. పైపైకి పోతూ పోతూ మధ్యలోనే మసకబారి, ఆ తర్వాత జనం అరిచారు. టింగ్ లేదు.

"దొంగ నాయాండ్లు!" అని అరిచాను. వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందిరా దేవుడా?"

"తీగ తెగిన సప్పుడు కోసి పారేసిండ్రు. తప్పు కనవడొద్దని తుడిసేసిండ్రు. వీండ్ల చేతులు పడిపోను!"

"పోనీ తియ్యి, ఒక్క సప్పుడే గదా."

"ఒక్క సప్పుడా? అది లేకుంటే ఆ పాటెందుకు?"

వారం రోజులు ఎదురొచ్చిన ప్రతివాడికీ కంపెనీవాళ్ళ దొంగతనం చెప్పాను. చాయ్ హోటల్లో, కార్ఖానా గేటు దగ్గర, బియ్యం దుకాణంలో. వాళ్ళెవరికీ ఆ గిటార్ మనిషి ఎవరో తెలియదు, అయినా పాపం "గదే గదే, అన్నింటి మీద మోసమే" అన్నారు. కంపెనీకి ఉత్తరం రాద్దామని కూడా కూర్చున్నాను. సరిగ్గా ఎన్ని నిమిషాల దగ్గర కోశారో రాయాలి కదా. అందుకని పాత లైవ్ డిస్కు తీసి పెట్టాను.

డ్రమ్ములు ఆగాయి. గిటార్ పైకి పోయింది. జనం అరిచారు.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టాను. చెవుల్లోవి తీసి, కొసలు తుడిచి, కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి పెట్టాను.  ఇరవై ఏండ్లుగా కంఠతా వచ్చిన చప్పుడు, ఎక్కడ వస్తుందో రెప్పపాటుతో సహా తెలిసిన చప్పుడు, అక్కడ లేదు.

మా ఆవిడను పిలిచి ఆమె చెవుల్లో పెట్టాను. గిటార్ పైకి పోయే చోటు రాగానే నా వేలు లేపి చూపించాను. ఆమె కండ్లు ఒక్కసారి నా మొహం మీదికి వచ్చి కిందికి వాలాయి.

"వినవడ్డదా?"

"లేదు," అంది. "నాకూ వినవడ్తలేదు. పాత డిస్కు గదా, అరిగిపోయింది."

సీడీ అట్లా అరగదని నాకు తెలుసు. గీత పడితే పాట ఆగుతుంది, గంతులు వేస్తుంది, అంతేగానీ ఒక్క సన్న చప్పుడును ఏరి తినదు. తెలిసి కూడా "అవును, అరిగింది" అన్నాను. ప్రాణం కొంచెం కుదుటపడింది. అబద్ధమైనా సరే, ఎవరో ఒకరు ఆ మాట అనాలని నాకు ఉండింది.

ఆ తర్వాత ఏ పనిచేసినా భయమే. కుక్కర్ కూత వేస్తే లెక్కపెట్టుకునేవాణ్ణి, ఇది వినిపించింది కదా అని. పొద్దున చెట్టు మీద పిట్టలు నోరు తెరవడం కనిపించేది, కూత కోసం చెవి రిక్కించేవాణ్ణి. కనిపించింది కాబట్టి విన్నానా, నిజంగా విన్నానా? కార్ఖానాలో సాంచ బాగుచేసి నడిపించినప్పుడు గట్టి దెబ్బ ఒక్కటే వినిపించేది, దాని వెనకాల ఏమీ లేదు. ఏమీ లేదంటే సాంచ బాగున్నట్టు. లేదా నేను బాగాలేనట్టు. రెండింటిలో ఏదో తేల్చుకోవడం నా వల్ల కాలేదు.  అయినా చెయ్యి ఊపేవాణ్ణి, మంచిగుంది, నడపండి అని.

ఆ రోజుల్లోనే మా ఆవిడ తన కండెల మిషన్‌ను కిటికీ దగ్గర నుంచి తీసి సాంచాల వరసలోకి మార్చుకుంది. "కిటికీ కాడ ఎండ కొడ్తుంది," అంది. రెండుసార్లు నేను సాంచ నడిపించి ఇటు తిరిగేలోపు ఆమె అరచెయ్యి లేపింది, ఆపు అని. దారం తెగిందేమోనని ఆపాను. చూస్తే దారం బాగానే ఉంది. సరే, ఆపాం కదా అని పెట్టె బిగించి మళ్ళీ నడిపించాను. అంతకంటే ఆలోచించలేదు.

ఒకరోజు, సామాను తెస్తానని ఆసామికి చెప్పి కరీంనగర్ పోయాను. మా కార్ఖానా యజమానిని ఆసామి అంటాం. చెవుల పరీక్ష చేసే చోటు ఒకటి వెతుక్కుని పోతే, లోపల ఇరుకు గది, మధ్యలో అద్దం. అద్దానికి ఇవతల నన్ను కూర్చోబెట్టి చెవులకు పెద్ద డొప్పలు తగిలించారు. అవతల ఒక అమ్మాయి మిషన్ ముందు కూర్చుంది.

"అంకుల్, సౌండ్ వినవడంగనే గీ బటన్ నొక్కాలె. ఎంత చిన్నగున్నా సరే నొక్కుండ్రి," అంది.

వచ్చింది, నొక్కాను. వచ్చింది, నొక్కాను. ఎంత చిన్న చప్పుడైనా దొరకబుచ్చుకున్నాను. ఆ అమ్మాయి కాగితం మీద గీతలు గీసి, "మీ వయసుకు మంచిగనే ఉన్నయ్ అంకుల్," అంది. లేచి ఆమెకు దండం పెట్టాను. ఎందుకు పెట్టానో ఆమెకు అర్థం కాక నవ్వింది. బస్టాండులో నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాను. బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషికి నా చెవులెంత బాగున్నాయో చెప్పాను. ఆయన ఇంకో సీటుకు మారాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా డిస్కు పెట్టాను. డ్రమ్ములు ఆగాయి. గిటార్ పైకి పోయింది. జనం అరిచారు.

మంచం పట్టీ పట్టుకుని కూర్చున్నాను. కాగితం బాగుందంటోంది, డిస్కు లేదంటోంది. రెండూ ఒకేసారి నిజం ఎట్లా అవుతాయి?

మర్నాడు కార్ఖానాలో తెలిసింది. నాలుగు సాంచాల అవతల నుంచి ఒకతను నన్ను చూసి బొటనవేలు నోటి దగ్గరికి తీసుకుపోయాడు. "చాయ్ వచ్చిందన్నా" అన్న మాట నా చెవుల్లో స్పష్టంగా మోగింది, అతని గొంతుతో సహా. నేను రెండడుగులు వేసి ఆగిపోయాను. ఈ మోతలో అతని గొంతు నాకు ఎట్లా వినిపిస్తుంది? ఇక్కడ ముప్పై ఏండ్లలో నేను ఎవరి గొంతూ వినలేదు. చెయ్యి చూస్తాను, మాట అదే మోగుతుంది. అప్పుడు అద్దం అవతలి అమ్మాయి గుర్తొచ్చింది. మీట నొక్కినప్పుడల్లా ఆమె కుడి భుజం ఇంత లేచేది. నేను చూస్తూనే ఉన్నాను. భుజం లేచింది, నొక్కాను. భుజం లేచింది, నొక్కాను. అమ్మతోడు, మోసం చేద్దామని కాదు. నిజంగా విన్నాననే అనుకున్నాను.

 చేతిలోని పానా కింద పడింది. అది పడిన చప్పుడు కూడా నాకు తెలియలేదు, కాలికి తగిలితే తెలిసింది.

రెండు రోజులు ఆ భయంతోనే పనిచేశాను. మూడో రోజు పొద్దున్నే మళ్ళీ కరీంనగర్ బస్సెక్కాను. "నన్ను గోడ దిక్కు తిప్పి కూసోవెట్టు బిడ్డా," అని ఆ అమ్మాయిని అడిగాను. ఆమె వింతగా చూసి కుర్చీ తిప్పింది. తెల్ల గోడ, దాని మీద ఒక మేకు. ఆ మేకును చూస్తూ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మొదట కొన్ని లావు చప్పుళ్ళు వచ్చాయి, నొక్కాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. చాలాసేపు అట్లాగే అనుకున్నాను. ఆమె వచ్చి నా భుజం తట్టి, డొప్పలు తీసింది. అయిపోయిందట.

కాగితం మీద గీత సగం దూరం బాగానే వచ్చి, అక్కడినుంచి కిందికి జారిపోయింది. సన్న చప్పుళ్ళు పోయాయని చెప్పింది. పోయినవి తిరిగి రావని కూడా చెప్పింది, మెల్లగా, నా మొహంలోకి చూస్తూ.

"ఏం పని చేస్తరు అంకుల్?"

"సాంచాల పని."

"ఇయర్‌ఫోన్లు గట్టిగ పెట్టుకుంటరా?"

 నా చెవులు తిన్నది సాంచనా, ఆ గిటారా? ఏది ఎంత తిన్నదో ఏ మిషన్ చెప్తుంది? సెల్లు తీసి, అందులో ఎక్కించుకున్న ఏడో పాటను ఆమెకు ఇచ్చాను. పైకి పోయే చోటు దగ్గర పెట్టి, "ఇక్కడ సన్నగ ఏమన్న వినవడ్తదా బిడ్డా?" అని అడిగాను.

ఆమె ఒక్కసారే వింది. "అవును, టింగ్ మన్నది. ఏందది, తీగ తెగిందా?"

కంపైలేషన్‌లోదీ వినిపించాను. అందులో కూడా ఉందట, ఇంకా స్పష్టంగా. ఎవరూ ఏదీ కోయలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒకటే మాట తిరుగుతోంది. నాకూ వినవడ్తలేదు అంది నా పెళ్ళాం. ఆమె చెవులు పాము చెవులు. పక్కింట్లో పాలు పొంగితే చెప్తుంది. నాతో ఎందుకు అబద్ధమాడింది? మొదట కోపం వచ్చింది. ఇంటికి పోగానే కడిగేద్దాం అనుకున్నాను. ఊరు దగ్గర పడేకొద్దీ కోపం పోయి ఏదో గుబులు పట్టుకుంది. అది ఎందుకో నాకే తెలియలేదు.

ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. గడప లోపల కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. ఒక్క కన్నుతో కదా, మొహానికి దగ్గరగా పెట్టుకుని ఏరుతుంది. నేను ఎదురుగా చతికిలబడ్డాను.

"అవ్వా, బాపుకు చెవుడు ముసలితనంల వచ్చిందా? ముందుగల్లనే ఉండెనా?"

ఆమె చెయ్యి ఆగింది. "గిప్పుడెందుకు రా గా ముచ్చట?"

"నాకు గట్లనే అయ్యింది."

 అవ్వ చాట పక్కన పెట్టి నాకు ఇంకొంచెం దగ్గరికి జరిగింది. అప్పుడు పెదవులు బాగా కదిలిస్తూ చెప్పింది.

"నువ్వు పుట్టకముందుకెల్లే ఉన్నది. నాకొక్కదానికే ఎరుక. చెప్తే పని పోతదని ఆయన జెప్పలే, నేను జెప్పలే. ఆయన సాంచ బాగుజేసినప్పుడల్లా నేను పక్కపొంటి కూసునేది. టిక్ మంటే చెయ్యి లేపేది. నేను లేపితే ఆపేటోడు. ఎవ్వలికి తెల్వది."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు దారం తెగింది కొడుకా. తల వంచి ముడేస్తున్న. ముడి పడేసరికి ఆలస్యమైంది."

 ఇంకో మాట అడిగాను. "నేను ఆస్పత్రికెల్లి వచ్చినంక అన్న మాటలు… బాపుకు వినవడలేదా?"

"లే. నువ్వు బయటికి వోయినంక, పోరగాడు ఏమంటుండని నన్నడిగిండు. అన్నం తిన్నవా అంటుండని చెప్పిన."

బాపు తలూపడం గుర్తొచ్చింది. అన్నేండ్లు ఆ తలూపడాన్నే నేను అసహ్యించుకున్నాను. గోడకు ఆనుకుని ఏడ్చాను, యాభై దాటిన మనిషిని, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను. అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

అట్లా ఏడుస్తుంటేనే, పక్కపొంటి కూసునేది అన్న మాట మళ్ళీ తగిలింది. ఈసారి వేరే చోట తగిలింది. కిటికీ కాడ ఎండ కొడ్తుంది, అంది నా పెళ్ళాం. మా కార్ఖానా కిటికీ ఉత్తరం వైపు ఉంది. అక్కడ ఎండ ఎన్నడూ పడదు.

ఆమె మారింది నేను బాగుచేసే సాంచాల పక్కకు. నిన్న సాయంత్రం నేను బాగుచేసిన సాంచ ఇప్పుడు నడుస్తూ ఉంటుంది. మంచిగుందని చెయ్యి ఊపింది నేనే. చెప్పులు కూడా తొడుక్కోలేదు. ఊరి నడిబజారులో అంత వయసు మనిషి ఉరుకుతుంటే జనం ఏమనుకున్నారో, ఏమని పిలిచారో నాకు తెలియదు. వెనకనుంచి పిలిచేవాళ్ళ మాట నాకు ఇక ఎట్లాగూ తెలియదు.

కార్ఖానా తలుపు తోశాను. అన్ని సాంచాలూ నడుస్తున్నాయి. ఆమె అక్కడే ఉంది, నేను బాగుచేసినదాని పక్కన, షటిల్ వచ్చి ఆగే పెట్టెకు రెండు జానల దూరంలో. చేతులు కండె చుడుతున్నాయి. తల మాత్రం పక్కకు వంగి ఉంది, వింటూ. నాకోసం వింటూ. ఆ పెట్టె సరిగ్గా ఆమె చెంప ఎత్తులో ఉంది.

గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగాను. సాంచాలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. అందరూ నా వైపు తిరిగారు. పెదవులు కదులుతున్నాయి, చేతులు లేస్తున్నాయి, ఏమైందని అడుగుతున్నాయి. ఆసామి లోపలి గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. చేతులతో చెప్పొచ్చు, మా అందరికీ అదే అలవాటు. కానీ నోటితోనే చెప్పాను, ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు.

"నాకు వినవడ్తలేదు. చానా రోజులైంది. నిన్న నేను మంచిగున్నదన్న సాంచను ఎవ్వలు నడపకుండ్రి. చెవులున్నోనికి చూపియ్యుండ్రి."

 పనిముట్ల సంచి ఆసామి కాళ్ళ దగ్గర పెట్టాను. ఆ తర్వాత మా ఆవిడ దగ్గరికి పోయి, ఆమె కండెల మిషన్‌ను రెండు చేతులతో ఎత్తి, తీసుకుపోయి కిటికీ కింద పెట్టాను. ఆమె నా వెనకే వచ్చింది. తల వంచుకుని కొంగుతో కండ్లు తుడుచుకుంటూ ఏదో అంది. మొహం కనిపించలేదు, పెదవులు కనిపించలేదు. అలవాటు కొద్దీ నా తల ఊగబోయింది. సగంలో ఆపాను.

"వినవడలే," అన్నాను. "మల్ల జెప్పు."